సున్నా దాటిన సూది

నమోదు 351
బయట ఎండ 48. విశ్రాంతి గంటలో సూది: సున్నా కాదు.

పైనుంచి కొత్త ఆదేశం వచ్చింది. ఇన్నాళ్లూ రోజుకొక అంకె రాసి చేతులు దులుపుకునేదాన్ని. ఇవాళ్టి నుంచి విశ్రాంతి గంటలో అరవై నిమిషాలూ ఊరి కరెంటు మీటరు సూది ముందే కూర్చుని, ఏ నిమిషంలో ఎక్కడుందో రాయాలి. ఈ ఆఖరి పదిహేను రోజుల నమోదును విశ్వ స్వస్థత సభలో నూట డెబ్బై దేశాల వాళ్ల ముందు చదువుతారట. ఆ తర్వాత ఓటు. ఓటు నెగ్గితే భూమ్మీద ప్రతి ఊళ్లోనూ మిట్టమధ్యాహ్నం ఒక గంట పని ఆగాలి. యజమాని ఆపనన్నా ఆగాలి.

వినబోయేవాళ్లు నన్నెరగరు కాబట్టి రెండు ముక్కలు. పేరు శేషారత్నం. సొంతూరు తెనాలి. ముప్ఫై ఏళ్లు ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూశాను. మీటరు చూసేవాళ్లకి ఒక దురలవాటు ఉంటుంది. ఇంటాయన నోరు విప్పకముందే ఆ ఇంట్లో ఏం జరుగుతోందో మీటరు సగం చెప్పేస్తుంది, మిగతా సగం తెలిసేదాకా మనకి అన్నం సయించదు. చుట్టాలు దిగారా, ఫ్రిజ్ ముసలిదైందా, మొగుడూ పెళ్లాం వేరే గదుల్లో పడుకుంటున్నారా, అన్నీ నాకు తెలిసేవి. ఏడాదిగా ఈ గొడుగుపల్లె లేఖకురాలిని, కరెంటు లెక్కలూ విశ్రాంతి గంట నిబంధనలూ రాసేది నేనే; ఇక్కడ నన్ను అందరూ మీటరమ్మ అంటారు. నాకేం అభ్యంతరం లేదు.

ఊరి మీద నిజంగానే గొడుగుంది. తాటిచెట్టంత ఎత్తున పరిచిన సోలార్ పలకలు. పైన కరెంటు పండుతుంది, కింద ఏడు వీధుల్లో మనుషులు బతుకుతారు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండు దాకా ఏ యంత్రమూ తిరగదు, ఎవరూ గడప దాటరు. ఇక్కడివాళ్లు దాన్ని 'పండుకునే గంట' అంటారు. ఆసుపత్రికి వేరే తీగ ఉంది కాబట్టి, ఆ గంటలో నా సూది సున్నా మీద నిలబడాలి. ఊరంతా పడుకున్నా నేను మాత్రం పడుకోను, సూది చూడాలి కదా. ఏడాదిగా ఊళ్లో ఒక్క వడదెబ్బ లేదు, రక్తపోటు మాత్రలు సగానికి తగ్గాయి. లోకంలో ఇలాంటి నమూనా ఊళ్లు నలభై ఒకటి ఉన్నాయి. అన్నింటిలోకీ మాదే మేలు అంటున్నారు.

నిబంధనలు కూడా చెప్పేస్తాను. ఇందులో రాసింది చెరపడం కుదరదు. సాయంత్రం ఆరింటికి ఆ రోజు పేజీ దానంతటదే సభకు వెళ్లిపోతుంది. సూది చెడిపోయిందని నేను మీట నొక్కితేనే పేజీ ఆగుతుంది.

ఇక ఇవాళ్టి సంగతి. 1:14కి సూది నూట ఎనభై వాట్లకి లేచింది. నిమిషంన్నర అక్కడే నిలిచి పడిపోయింది. మూడు నిమిషాలయ్యాక మళ్లీ లేచింది, ఈసారి ముప్ఫైకే. ఇలా గంటలో మూడు విడతలు. ఏడాదిగా 'తడబాటు' అని రాసి వదిలేసింది ఇదన్నమాట. దగ్గర కూర్చుని చూస్తే ఇది తడబాటు కాదు. ఎవరో ఏదో తిప్పుతున్నారు.

నమోదు 352
బయట ఎండ 48. సూది: మళ్లీ మూడు విడతలు.

ఐదింటికి ఆమీనతా గారు మాట్లాడారు. సెనెగల్ ఆవిడ. ఈ విశ్రాంతి గంట కోసం ముప్ఫై ఏళ్లుగా దేశదేశాలూ తిరిగి, గుమ్మం గుమ్మం ఎక్కి దిగిన మనిషి. వాళ్లమ్మ ఉప్పు మళ్లలో మిట్టమధ్యాహ్నం పనిచేస్తూ పడిపోయి మరి లేవలేదట. నా చెవిలోని అనువాద యంత్రం ఆవిడ మాటల్ని పాతకాలం రేడియో వార్తల్లా వినిపిస్తుంది, అయినా లోపలి అలసట తెలుస్తూనే ఉంటుంది.

"శేషారత్నం గారూ, వరసగా ఏడు రోజులు సున్నా చూపించిన ఊరు ఇప్పటిదాకా ఒక్కటీ లేదు. మీ ఊరు చూపిస్తే చాలు. పదకొండు దేశాలు ఏదో ఒక సాకు కోసం ఎదురుచూస్తున్నాయి."

"చూపిస్తామమ్మా. ఎవరో చిన్న మోటారు తిప్పుతున్నారు. పట్టుకుంటాను."

నేనూ ఒకసారి ఎండకి పడిపోయినదాన్నే. పదిహేనేళ్ల కిందట తెనాలిలో మీటర్లు చూస్తూ రోడ్డు మీద కూలబడితే, ఎవరో చలివేంద్రం దగ్గర పడుకోబెట్టి కుండలో నీళ్లు గొంతులో పోశారు. ఆ కుండ నీళ్ల రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది. పోసిన మనిషి పేరు మాత్రం అడగలేదు. నా మట్టుకు ఈ గంట అంటే ఆ నీళ్లే. ఇది ప్రపంచమంతా రావాలి, నా సూది మూలంగా ఆగిపోకూడదు.

నమోదు 353
బయట ఎండ 49. సూది: అదే వరస.

వీధికొక చిన్న సూది పెట్టించాను. ఇవాళ వాడకం ఆరో వీధిలో. నేను అద్దెకుంటున్నది ఆ వీధిలోనే, ఓబుళమ్మగారింట్లో.

మోటారుకి కూడా మనిషికున్నట్టే ఒక నడక ఉంటుంది. ఇది మొదలయ్యేటప్పుడు ఒకసారి కుంటుతుంది, తర్వాత సర్దుకుంటుంది. పాత కూలర్ మోటారు కావచ్చు. ఊరిబిండి పచ్చడి రుబ్బుకునే మిక్సీ అయితే మాత్రం కాదు. మిక్సీ ఇంత ఓపిగ్గా తిరగదు.

అన్నం తింటూ ఓబుళమ్మని కదిపాను. అరవై దాటిన మనిషి, నోరు పెద్దది, చెయ్యి అంతకన్నా పెద్దది.

"పండుకునే గంటలో మన వీధిలో ఎవరో మోటారు తిప్పుతున్నారు. ఎవరంటారు?"

"నాకేం తెలుసమ్మా? నేను పండుకొనుంటా కదా. ఇంగో ముద్ద సంగటి పెట్టించుకో."

"మీకు చప్పుడు వినపడలేదా?"

"నాకు చెవుడు."

ఈవిడకి నాలుగో వీధిలో కోడి గుడ్డు పెట్టినా వినిపిస్తుంది.

నమోదు 354
బయట ఎండ 49. సూది: అదే వరస, కానీ ఏడో వీధిలో.

వీధి మారింది! మోటారు మాత్రం అదే, ఆ కుంటి నడక నాకు ఇప్పుడు కంఠతా వచ్చేసింది. అంటే మోటారు ఊరు తిరుగుతోంది.

పొద్దున్నే బయల్దేరి మధ్యాహ్నంలోగా ఏడు వీధులూ చుట్టాను. "మోటారు" అనగానే గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ వెంటనే చేతికి గ్లాసు. మజ్జిగ తాగమ్మా, నిమ్మకాయ పిండినాం తాగమ్మా, రాగి అంబలి తాగి పో అమ్మా. తొమ్మిది గ్లాసులు తాగాను. మోటారు సంగతి ఒక్కరూ చెప్పలేదు. ఇవాళ రెండు పూటలా అన్నం మానేయాల్సిందే.

ఒకటి మాత్రం గమనించాను. ఏడో వీధి చివర అరుగు మీద మూడు పెద్ద క్యాన్ల మజ్జిగ పెట్టి ఉంది. పెళ్లి లేదు, పేరంటం లేదు. ఎవరికి ఇంత?

నమోదు 356
బయట ఎండ 50. సూది: రెండో వీధిలో.

నిన్న మొదటి వీధి, ఇవాళ రెండోది. ఏడు వీధులు, ఏడు రోజులు. పేద విద్యార్థులు వారాలు చెప్పుకుని భోంచేసిన కాలంలో ఇంటికొక రోజు ఉండేదని మా నాయనమ్మ చెప్పేది. ఇది వీధికొక వంతు. ఒక్క దొంగ చేసే పని కాదు, ఊరంతా కలిసి చేస్తున్న పని. ఊరందరికీ తెలిసి నాకొక్కదానికే తెలియని సంగతి ఉందంటే, నిజం చెప్పొద్దూ, కోపం కన్నా ముందు కుతూహలం వచ్చింది.

నమోదు 358
బయట ఎండ 50. సూది: నాలుగో వీధిలో.

ఆలోచించి ఆలోచించి ఇవాళ ఒక మెట్టు ఎక్కాను. నూట ఎనభై, ముప్ఫై. నూట ఎనభై, ముప్ఫై. ఈ జంటని నేను గోడౌన్లలో చూశాను. బరువుని పైకి లాగేటప్పుడు ఎక్కువ, ఖాళీగా దించేటప్పుడు తక్కువ. అంటే ఏదో పైకి వెళ్తోంది, తిరిగి ఖాళీగా దిగుతోంది.

"పైన ఏముంది?" అని ఓబుళమ్మని అడిగాను.

"ఆకాశం."

"దానికి కింద?"

"గొడుగు. నీ బుర్రకి ఎండ తగలకుండా. కందకు లేని దురద కత్తిపీటకేలమ్మా? తిని పండుకో."

గొడుగు మీద ఉండేవి పలకలు, వాటిని కడిగే బ్రష్షు బండ్లు. వాటంతటవే తిరిగే బండ్లు, బ్యాటరీవి. బండ్లకి నీళ్లు చాలక ఊరివాళ్లు బకెట్లతో పంపుతున్నారేమో! పలకలు శుభ్రంగా ఉంటే కరెంటు బాగా వస్తుంది కదా, అందుకని పాపం తలా ఒక చెయ్యి వేస్తున్నారు. ఇదే అయ్యుంటుందని తేల్చుకుని ఆమీనతా గారికి చెప్పాను. ఆవిడ నవ్వారు. బండ్లకి గొట్టం వేయిస్తే సరిపోతుంది, మిగిలిన ఏడు రోజులూ సున్నా వస్తుంది అనుకున్నాం ఇద్దరం.

గొట్టం ఇప్పటికే ఉందన్న సంగతి ఇది రాస్తుంటే గుర్తొచ్చింది.

నమోదు 360
బయట ఎండ 51. సూది: సున్నాకి అవతల.

ఇవాళ మళ్లీ ఆరో వీధి వంతు. 1:20కి ఒక విడత మామూలుగా జరిగింది. 1:41కి రెండోది మొదలైంది. ఎక్కేటప్పుడే ముప్ఫై చూపించింది. ఖాళీగా ఎందుకు ఎక్కుతోందా అని ముందుకి వంగాను. పైన చాలాసేపు ఆగింది. తర్వాత దిగడం మొదలుపెట్టింది. సూది సున్నాకి వచ్చి అక్కడ ఆగలేదు. సున్నా దాటి ఎడమకి ఒరిగింది.

ఏడాదిగా సున్నా కోసం కళ్లు కాయలు కాచేలా చూసినదాన్ని. ఇది సున్నా కన్నా కిందికి. నా ఉద్యోగంలో ఇలా ఒక్కసారే చూశాను, ఒక గోడౌన్ లిఫ్టుకి. దిగే బరువు మోటారునే తిప్పేస్తే, మోటారు కరెంటు తినడం మాని తిరిగి ఇస్తుంది. ఎంత బరువైతే ఇంత ఒరుగుతుందో కాగితం మీద లెక్క వేశాను. యాభై కిలోలకి కాస్త అటూ ఇటూ. పలక పన్నెండు కిలోలు. బండి రెండు వందలు. గొడుగు మీద యాభై కిలోలుండేది ఇంకేముంది?

మనిషి.

తలుపు తీసుకుని పరిగెత్తాను. విశ్రాంతి గంటలో గడప దాటడం ఏడాదిలో అదే మొదలు. వీధిలో ఎవరూ పడుకుని లేరు. పాతికమంది నిలబడి ఉన్నారు. గాలి కోసం గొడుగులో వదిలిన సందులోంచి తాడు వేలాడుతోంది, దానికి పెద్ద వెదురుగంప. గంపలో కాళ్లు ముడుచుకుని ఒక ఆడమనిషి. తలకి కట్టుకున్న తువ్వాలు పొడిబారి ఉంది. ఒంటి మీద చెమట చుక్క లేదు. అది ఎంత చెడ్డ గుర్తో నాకు తెలుసు.

"సుంకమ్మా! ఓ సుంకమ్మా! కండ్లు తెరువు తల్లీ!" చెవుడున్న ఓబుళమ్మ ఆమె చెంపలు తడుపుతూ అరుస్తోంది.

"ఆసుపత్రికి పట్టండి!" అన్నాను.

ఎవరూ కదల్లేదు. ఓబుళమ్మే చెప్పింది. "యాడికి పట్టేదమ్మా? ఆయమ్మ పేరు ఊరి జాబితాలో ల్యాదు. వేలు పెడితే తలుపు తెరుచుకోదు. మేమే తడిపి, గాలి ఇసిరి, ఏదో చేసుకుంటాండాం ఇన్నాళ్లూ."

ఇన్నాళ్లూ. ఆ మాట గుర్తుపెట్టుకున్నాను, కానీ అడిగే సమయం కాదు. నలుగురం మంచం మీద మోసుకెళ్లాం. తలుపు దగ్గర నా వేలు పెట్టాను. తెరుచుకుంది. తెర మీద 'శేషారత్నం, వయసు 54' అని వచ్చింది. డాక్టర్ మస్తాన్ నన్ను చూశాడు, మంచం మీది మనిషిని చూశాడు.

"ఏమని రాయాలమ్మా?"

"శేషారత్నానికి వడదెబ్బ అని రాయండి. ముందు ఆమెకి మంచు పెట్టండి."

ఏడాదిలో మా ఊరికి మొదటి వడదెబ్బ అలా నా పేరు మీద నమోదైంది.

మూడున్నరకి సుంకమ్మ కళ్లు తెరిచింది. అప్పుడు ఓబుళమ్మ అరుగు మీద కూర్చుని మొత్తం చెప్పింది. బ్రష్షు బండ్లు వచ్చిన రెండో నెలకే దుమ్ముకి చెడిపోయాయట. గుత్తేదారు బండ్లు బాగుచేయించకుండా కొండ అవతలి గుడిసెల నుంచి పదకొండు మందిని పంపుతున్నాడట, చీపుర్లతో, తడిగుడ్డలతో. రోజూ ఒంటిగంటకి ఎక్కి రెండింటికి దిగుతారు.

"మిట్టమధ్యాహ్నం ఎందుకు? పొద్దున్నే కడగొచ్చు కదా?"

"వాళ్లు అడగలేదనుకుంటివా? కడిగేటప్పుడు పెద్ద లైను ఆపాలంట, సన్న లైనులో వచ్చేది గంప లాగే మోటారుకే చాలుతాది. ఊరు కరెంటు వాడని గంట అదొగటే కదా. కాగితంలో అట్లే రాసుండాదంట."

"ఎవరు రాశారు ఆ కాగితం?"

ఓబుళమ్మ చీరచెంగుతో అరుగు తుడవడం మొదలుపెట్టింది. ఆ మొహమాటం చూసే నాకు అర్థమైంది. గదికి వచ్చి ఫైలు తీశాను. 'పలకలు కడిగే వేళ: విద్యుత్ వాడకం లేని విశ్రాంతి గంట. ఎవరికీ అసౌకర్యం ఉండదు.' కింద నా సంతకం. మూడో రోజు చేసినది. బండ్లే కదా కడిగేదనుకున్నాను, ఎంత తెలివిగా సర్దానో అని ఆ రోజు నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా. ఆ తర్వాత బండ్లు తిరుగుతున్నాయా లేదా అని ఒక్కసారీ తల ఎత్తి చూడలేదు. పక్కింటి మొగుడూ పెళ్లాల గదులు కావాలి నాకు, నెత్తి మీద మనుషులు అక్కర్లేదు. సిగ్గేసింది.

మళ్లీ వెళ్లి ఓబుళమ్మని అడిగాను, నాతో ఎందుకు చెప్పలేదని.

"సుంకమ్మోళ్లే చెప్పొద్దన్నారమ్మా. చెప్తే మా పని పోతాదన్నారు. నువ్వు మంచిదానివే గానీ నీ చేతిలో కలముండాది. రాస్తే చెరిగిపోదంటివి. మేం నీడకు పండుకొనుంటే నెత్తిన మనుషులు ఎండలో పాకుతాంటే ఎట్లమ్మా నిద్ర పట్టేది? ఎండకాలం చలివేంద్రం పెట్టేదాన్ని ఎవురన్నా వద్దంటారా? మాది పైకి పోయే చలివేంద్రం. అంతే."

ఐదింటికి ఆమీనతా గారు. మొత్తం చెప్పాను.

"ఇంకా ఐదు రోజులే," అన్నారు. "సూది సున్నా దాటింది కాబట్టి చెడిపోయిందని మీట నొక్కవచ్చు. అబద్ధం కూడా కాదు. ఓటయ్యాక మనమే బయటపెడదాం. ఒక్క ఊరి కోసం ప్రపంచం మొత్తానికి ఆ గంట పోగొట్టుకుందామా?"

ఆవిడ తప్పు మాట్లాడుతున్నారని నాకనిపించలేదు. ముప్ఫై ఏళ్లు తిరిగిన కాళ్లు అవి.

"అమ్మా, నా సూది చెడిపోలేదు. ఈ ఏడాదిలో అది సరిగ్గా చెప్పింది ఇవాళే," అన్నాను. "పైగా ఓటుకి పెట్టే మీ ఒడంబడికలో నేను రాసిన ఆ వాక్యమే ఉంది. కడిగే పనులు, మరమ్మతు పనులు విశ్రాంతి గంటలో పెట్టుకోవచ్చని. మా ఊరిని చూసి చేర్చారు. రేపు ఓటు నెగ్గితే ప్రతి ఊళ్లోనూ ఎవరో ఒకరు ఆ గంటలోనే పైకెక్కుతారు."

దానికి ఆవిడ అడిగింది ఒక్క ప్రశ్న.

"ఆమె పేరేమన్నారు?"

"సుంకమ్మ."

ఫోను పెట్టేశారు. ఇప్పుడు ఆరుకి నాలుగు నిమిషాలు తక్కువ. మీట నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. నొక్కడం లేదు.

నమోదు 361
బయట ఎండ 50. సూది: సున్నా. పైకి ఎవరినీ ఎక్కనివ్వలేదు.

సుంకమ్మ లేచి కూర్చుంది. ముప్ఫై ఐదేళ్లుంటాయి, చేతుల మీద పలకల అంచులు కోసిన గాట్లు. నేను కాగితం సంగతి చెప్పి, తప్పు నాదే అన్నాను. ఆమె చేతిలోని గ్లాసు పక్కన పెట్టింది.

"నువ్వా మీటరమ్మ? సూదిని సున్నా చేయాలని అందర్నీ సతాయిస్తాంటివంట."

"నేనే."

"మేం ఎక్కేతలికి కింద ఊరంతా కట్టేసినట్టు ఉంటాది. ఫ్యాను చప్పుడు ల్యాదు, పిల్లోళ్ల చప్పుడు ల్యాదు. అంత పెద్ద ఊరు మా కాళ్ల కింద పండుకొనుండాదని తెలుస్తానే ఉంటాది. అప్పుడు బయం అయితాది నాకు. ఈడ పడిపోతే ఎవురికీ తెల్దు కదా అని. అంతలో ఆ కుంటి మోటారు కుయ్యిమంటాది. ఎవురో ఒగరు మేలుకొనుండారులే అనుకుంటాం."

ఆ మోటారు ఆగిపోవాలని పది రోజులు మొక్కుకున్నది నేను.

నమోదు 362
బయట ఎండ 50. సూది: సున్నా.

ఊరు కూర్చుంది. ప్రశ్న ఒక్కటే. పలకలు కడగాలి, కడిగేటప్పుడు కరెంటు ఆపాలి. ఎండెక్కకముందు, తెల్లవారుజామున ఐదు నుంచి ఆరు దాకా కడిగితే ఆ గంట ఊరికి పొయ్యి లేదు, నీళ్ల మోటారు లేదు, ఫ్యాను లేదు. విశ్రాంతి గంట మొదలైన రోజు చప్పట్లు కొట్టిన ఊరు ఇవాళ గొణిగింది. ఉక్కలో ఎట్లా, వంట ఎప్పుడు చేసేది, పసిబిడ్డలున్న ఇల్లు ఏం కావాలి అని.

"ముందు రోజే అంబలి కాంచి పెట్టుకోండి," అంది ఓబుళమ్మ. "ఏడాదిగా దొంగోళ్ల మాదిరి క్యాన్లు మోసినాం. ఇప్పుడు దొరల మాదిరి ఒగ గంట ఉక్కబోతకు కూసుందాం. సస్తామా?"

ఐదో వీధిలో రెండు ఇళ్లు తప్ప అందరూ ఒప్పుకున్నారు. పదకొండు పేర్లు ఊరి జాబితాలోకి ఎక్కాయి. వాళ్ల పనీ ఊరి చేతికిందికే వచ్చింది. గుత్తేదారు ఫోను చేసి నా మీద అరిచాడు. ముప్ఫై ఏళ్లు కరెంటు బిల్లులు ఇచ్చినదాన్ని, నాకు అరుపులు కొత్తా?

నమోదు 363
బయట ఎండ 49. సూది: సున్నా.

ఆమీనతా గారి నుంచి పిలుపు లేదు. పదిహేను రోజులు నిండేదాకా ఆగకుండా, నా పేజీని ఆవిడే సభలో నిలబడి చదివారని వార్త వచ్చింది. తొమ్మిది దేశాలు ఒడంబడిక నుంచి తప్పుకున్నాయి. 'విశ్రాంతి బూటకం' అని ఒకాయన అన్నాడట. నేను తెనాలిలో తాగిన ఆ కుండని నా చేత్తోనే పగలగొట్టానా?

నమోదు 364
బయట ఎండ 50. సూది: సున్నా.

పొద్దున మీటరు గదికి వచ్చేసరికి ఒక ఉత్తరం ఉంది. పెరూలోని నమూనా ఊరి లేఖకుడు. పేరు కూడా పెట్టలేదు. 'మా సూది కూడా నిలబడదు. నేను కూడా తడబాటు అనే రాశాను. మీ పేజీ విన్నాక వెళ్లి చూశాను. మా దగ్గర బాయిలర్లు తోమేవాళ్లు.' మధ్యాహ్నానికి ఇంకో ఆరు. ఒక ఊళ్లో మురుగు కాలువల మనుషులు, ఒక ఊళ్లో పడుకున్నవాళ్ల పిల్లల్ని ఆడించే ఆయాలు. సాయంత్రానికి ఇరవై ఆరు. తిలాపాపం తలా పిడికెడు అంటారు కదా. నా పిడికెడు తగ్గలేదు గానీ, ఇన్ని ఊళ్లలో ఇన్ని సూదులు ఏదో చెప్పబోతే మేమంతా 'తడబాటు' అని నోరు నొక్కేశామన్నమాట.

ఐదింటికి ఆమీనతా గారు. గొంతు బొంగురుపోయింది.

"ఓటు నలభై రోజులు వాయిదా వేశారు. ఆ వాక్యం తీసేశారు. దాని స్థానంలో ఇంకొకటి చేరింది. గంట మొదలయ్యేముందు ప్రతి ఊరూ తన కోసం అప్పుడు ఎవరు పనిచేస్తున్నారో వెతికి, పేర్లతో సహా రాయాలి."

"తొమ్మిది దేశాలు పోయాయి కదమ్మా."

"పోయాయి. మళ్లీ వాళ్ల గుమ్మాలెక్కుతాను. నాకు అలవాటే." ఆపైన అమ్మ మాట ఎత్తారు. "మా అమ్మ పడిపోయిన రోజు అక్కడ యజమానులకి విశ్రాంతి వేళే, శేషారత్నం గారూ. వాళ్ల గుడారాల్లోకి ఉప్పు దుమ్ము పోకుండా మడులు తడుపుతోంది ఆవిడ. నేనే అది మరిచిపోయాను."

భోంచేశారా అని అడిగాను. లేదన్నారు. ముందు తినమన్నాను.

నమోదు 365
బయట ఎండ 50. విశ్రాంతి గంటలో సూది: 1:45 దాకా సున్నా. తర్వాత తెలియదు.

తెల్లవారుజామున పలకలు కడగడం అయిపోయింది. ఊరంతా విసనకర్రలు పట్టుకుని అరుగుల మీద కూర్చుని తిట్టుకుంటూ పైకి చూసింది. పైనుంచి నీళ్లు చిలకరిస్తే పిల్లలు కేకలు పెట్టారు.

ఒంటిగంటకి సూది ముందు కూర్చున్నాను. కదల్లేదు. పది నిమిషాలు, ఇరవై, నలభై. ఏడాదిగా ఎదురుచూసిన సున్నా, ఇవాళ్టితో వరసగా అయిదో రోజు. ఎంత చూసినా నమ్మకం కలగలేదు. ముప్ఫై ఏళ్లు సూదిని నమ్మి బతికినదాన్ని, ఇప్పుడు సూది మంచిమాట చెప్తుంటే అనుమానం. 1:45కి ఇక ఉండలేక, తలుపు తీసుకుని ఆరో వీధిలోకి వెళ్లాను. గొడుగు సందు కింద నిలబడి, తల ఎత్తి గట్టిగా అరిచాను.

"పైన ఎవరన్నా ఉన్నారా?"

ఆ గంటలో కేకలు వేయకూడదు. నిబంధన నేనే రాశాను. పైనుంచి ఎవరూ పలకలేదు. ఓబుళమ్మ ఇంటి వరండాలోంచి మాత్రం నిద్రమత్తు గొంతు ఒకటి వినిపించింది. సుంకమ్మది.

"ఎవురూ ల్యారు మీటరమ్మా. అందరమూ కిందనే ఉండాం. వచ్చి పండుకో."

ఆమె పక్కన చాప ఖాళీగా ఉంది. వెళ్లి పడుకున్నాను. అందుకే ఆఖరి పదిహేను నిమిషాల లెక్క ఇందులో లేదు.